ఆకాశమునుండి పచ్చికబీళ్ల పరిశీలన

వాన తప్పిన యేట మన చిత్తూరు, తిరుపతి సీమల కాపువానికి తిండిగింజల చింతకంటె పశువుల మేత చింత ముందు కలుగును. వేరుసెనగ యెండినచో కట్టెయు దక్కదు. గుట్టమీద గడ్డి మాడినచో ఆవును సంతకు తోలవలసివచ్చును. అందరు నొక్కసారియే తోలుటచేత వెల పడిపోవును. మేతకు కొరత రానున్నదని కొంత ముందుగా తెలిసినచో ఈ నష్టము కొంతయైన తప్పును. ఇందుకు కృత్రిమోపగ్రహము లెట్లు తోడ్పడునో మా బాలబాలికలకును, వారి తలిదండ్రులకును తెలుపగోరి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

పచ్చని ఆకు ఎర్రని వెలుగును పీల్చుకొని, ఎరుపునకు ఆవల కంటికి కానరాని పరారుణ కిరణములను మిక్కిలిగా తిరుగగొట్టును. ఎండిన గడ్డియు, వట్టి నేలయు నట్లు చేయవు. ఉపగ్రహమందలి కెమెరా యీ రెంటిని వేరువేరుగా కొలుచును. రెంటి భేదమును రెంటి మొత్తముచే భాగింపగా వచ్చునదియే పచ్చదనపు సూచిక. పరారుణమున నూటికి 40 పాళ్లు, ఎరుపున 10 పాళ్లు తిరిగివచ్చెననుకొందము: 30ని 50చే భాగింప 0.6 వచ్చును. గడ్డి యెండి అవి 30, 20 అయినచో సూచిక 0.2 మాత్రమే.

ప్రయోగదశను దాటి నిత్యోపయోగమునకు వచ్చిన మన దేశపు తొలి భూపరిశీలక ఉపగ్రహమగు ఐ.ఆర్.ఎస్. 1ఏ 1988 మార్చి 17వ తేదీన బైకొనూరునుండి ఎగిరినది. తరువాతివగు రిసోర్సుశాట్ 2 (2011), 2ఏ (2016) మన శ్రీహరికోటనుండియే వెడలినవి. వీనియందలి ఒక కెమెరాకు సుమారు 24 మీటర్ల చదరము, అనగా 14 సెంట్ల నేల, ఒక గడిగా కనబడును. కాని యది చూచిన చోటికి మరల వచ్చుటకు 24 దినములు పట్టును. మరియొకటి 5 దినములకే వచ్చును గాని, దాని గడి ముప్పాతిక ఎకరమునకు మించును. మబ్బు పట్టిన దినమున రెండును చూడజాలవు.

ఒక్క చిత్రమువలన ప్రయోజన మల్పము. ఈ యేటి ఆగస్టును గడచిన ఏండ్ల ఆగస్టులతో పోల్చినపుడే కరవు బయటపడును. 1989 మొదలు హైదరాబాదునందలి జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీవా రీ రీతిని దేశమున కరవును పరిశీలించిరి. 2012 నుండి ఢిల్లీయందలి మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్ర మా పనిని వహించినది.

అయినను ఒక హెచ్చరిక. మేము విద్యార్థులతో నట్టి చిత్రమును చేతబట్టి సమీపపు మేత పోరంబోకునకు పోతిమి. చిత్రమున మిక్కిలి పచ్చగా నున్న చోట మందలు లేవు. కారణ మడుగగా వృద్ధుడగు గొర్రెలకాపరి నవ్వి, “అయ్యవారూ, పచ్చగా ఉండేదంతా మేతేనా? అదంతా వయ్యారిభామ. గొర్రె మూతి పెట్టదు” అనెను. మా విద్యార్థులు సిగ్గుపడిరి, మేమును సిగ్గుపడితిమి. ఉపగ్రహము పచ్చదనమును కొలుచును గాని, పశువు రుచిని ఎరుగదు. పులికంపయు, సర్కారు తుమ్మయు దానికి పచ్చికతో సమానమే.

కావున విద్యార్థులారా, పదునైదు దినముల కొకసారి మీ యూరి బీటిని చూచి, ఏ గడ్డి యెంత యెత్తున నున్నదో, మంద ఎచ్చట మేయుచున్నదో పుస్తకమున వ్రాయుడు. తెలియనిచో కాపరి నడుగుడు. పైనుండి వచ్చిన లెక్కయు, నేలమీది యీ లెక్కయు కలిసినపుడే ఆవును అమ్మవలెనో, ఉంచుకొనవలెనో మీ తండ్రి నిశ్చయింపగలడు.