టార్చిలైటు ఎంతసేపు వస్తుంది? తాడు పెట్టి చూద్దాం

ఈసారి జీవామృతం గురించి కాదు, కషాయాల గురించీ కాదు. రాత్రిపూట మనం చేతిలో పట్టుకుని పొలం వెళ్లే ఛార్జింగ్ టార్చిలైటు గురించి. పరీక్ష మొత్తం పై వీడియోలో ఉంది. వీడియోలో చెప్పడానికి వీలు కాని లెక్కలు ఇక్కడ రాస్తున్నాను.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి మంచి లైటు మిగతా రైతులకంటే ఎక్కువ అవసరం. ఎందుకంటే మన పొలంలో నేల కనపడదు. ఆచ్ఛాదనగా వరిగడ్డి, చెరకు ఆకు, ఎండుటాకులు పరుస్తాం. అది తేమకు మంచిది, వానపాములకు మంచిది. ఎలుకలకూ మంచిదే! ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. రక్తపింజర ఎండుటాకుల్లో చుట్టుకుని పడుకుంటే పగలే గుర్తుపట్టడం కష్టం. కట్లపాము అయితే తిరిగేదే రాత్రిపూట. పోనీ రాత్రి పొలం వెళ్లకుండా ఉందామా అంటే కుదరదు. మోటారు ఆపాలి, పందులు పడ్డాయేమో చూసుకోవాలి. పొగాకు లద్దెపురుగు పగలంతా మట్టి పెళ్లల కింద దాక్కుని చీకటి పడ్డాక మేస్తుంది. కషాయం కొట్టాలా వద్దా అన్నది రాత్రి ఒక చుట్టు తిరిగితేనే తెలుస్తుంది.

ఇక డబ్బా మీద రాసే గంటల సంగతి. అమెరికాలో టార్చిలైట్ల తయారీదారులు 2009లో ఎఫ్ఎల్ 1 అనే ప్రమాణం పెట్టుకున్నారు. దాని ప్రకారం లైటు వేసిన 30 సెకన్ల దగ్గర వెలుతురు కొలిచి, అది పదో వంతుకి పడిపోయేదాకా ఎంతసేపు పట్టిందో అదే "రన్ టైమ్". అంటే రూపాయి వెలుతురు పది పైసలకి దిగేదాకా లెక్కలోనే ఉంటుంది. కాస్త నిజాయితీగా కొలిచే పద్ధతే ఇలా ఉంటే, మన సంతల్లో, బస్టాండు దగ్గర అమ్మే లైట్ల మీద "8 గంటలు, 12 గంటలు" అని రాసిన అంకెకి ఏ పద్ధతీ ఉండదు. బల్బు మిణుగురు పురుగులా మెరుస్తున్నా "వెలుగుతూనే ఉంది కదండీ" అంటారు.

మనకి కావలసింది బల్బు ఎంతసేపు వెలిగింది అని కాదు, కాలు పెట్టే చోటు ఎంతసేపు కనపడింది అని. అందుకే ఈ పరీక్షకి తాడు. చీకట్లో తాడుని చూసి పాము అనుకోవడం గురించి వేదాంతులు చాలా చెప్పారు. మనం దాన్ని తిరగేసి వాడుకుందాం.

మూరెడు కొబ్బరి తాడు ముక్క తీసుకోండి. ఆచ్ఛాదన పరిచిన చోట ఇంట్లో వాళ్లని ఎవరినైనా పగలే దాన్ని పడేయమనండి, ఎక్కడ వేశారో మీకు చెప్పకూడదు. లైటు ఫుల్ ఛార్జింగ్ పెట్టి, చీకటి పడ్డాక వేసి, టైము రాసుకోండి. పావుగంటకోసారి ఐదు అంగల దూరం నుంచి వెతకాలి. ప్రతిసారీ తాడు చోటు మార్చాలి, లేకపోతే కన్ను అలవాటుగా అక్కడికే పోతుంది. వెతకడానికి ఇబ్బంది అయిందంటే ఆ లైటు టైము అక్కడికి అయిపోయింది. ఆరిపోయేదాకా ఆగక్కర్లేదు, ఆగకూడదు కూడా. అదెందుకో కింద చెప్తాను.

ఉత్త కంటితో గోడ మీద వెలుతురు చూసి తేల్చేద్దాం అనుకుంటారు కొందరు. అది కుదరదు. వెలుతురు సగానికి పడిపోయినా కంటికి కొంచెమే తగ్గినట్టు ఉంటుంది. ఫోనుతో వీడియో తీసినా అంతే, వెలుతురు తగ్గేకొద్దీ కెమెరా తనంతట తానే సర్దుకుంటుంది. అందుకే వీడియోలో ఎక్స్‌పోజర్ లాక్ చేసి తీశాం.

నేను రెండు రకాలు చూశాను. ఒకటి పాత రకం, లోపల 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, 1.5 ఆంపియర్ అవర్. రెండింటినీ గుణిస్తే 6 వాట్ అవర్లు. 2 వాట్ల బల్బుకి 3 గంటలు రావాలి. తాడు కనపడింది గంటా యాభై నిమిషాలు. ఇది బ్యాటరీ పాడైపోవడం వల్ల కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద రాసే సామర్థ్యం మామూలుగా 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చేది. గబగబా లాగితే అంత ఇవ్వదు. మధ్య మధ్య ఆపుతూ వాడితే కాస్త తేరుకుంటుంది.

రెండోది లిథియం సెల్లుది. 3.7 వోల్టులు, 2000 ఎంఏహెచ్, అంటే 7.4 వాట్ అవర్లు. 3 వాట్ల బల్బు. లెక్కకి రెండున్నర గంటలు, వచ్చింది రెండుంపావు. బాగానే ఉంది అనిపించింది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. లెడ్ యాసిడ్ లైటు మెల్లమెల్లగా మసకబారి ముందే చెప్తుంది. ఈ లిథియం లైటు చివరిదాకా ఒకే తీరున వెలిగి పది నిమిషాల్లో పడిపోయింది. పొలం ఆ చివర ఉన్నప్పుడు అలా అయితే ఇంటికి దారేది? అందుకే నేను వచ్చిన టైములో సగమే నమ్ముతాను.

18650 అని పిలిచే లిథియం సెల్లు కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. 18 అంటే మిల్లీమీటర్లలో మందం, 65 అంటే పొడవు. ఆ సైజులో మంచి సెల్లుకే 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కల ఉంటుంది. "9900" అని రాసి ఉంటే పచ్చి అబద్ధం, బేరం ఆడక్కర్లేదు, వదిలేయండి. బరువు కూడా చూడొచ్చు. అసలు సెల్లు 45 గ్రాములు, కాస్త పైన తూగుతుంది. బాగా తేలిగ్గా ఉంటే లోపల సరుకు లేనట్టే.

ఇప్పుడు ఆరిపోయేదాకా ఎందుకు వాడకూడదో చెప్తాను. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా పడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా ఎక్కదు. మసకబారగానే ఆపి ఆ రాత్రే ఛార్జింగ్ పెట్టాలి. వాడకపోయినా నెలకోసారి పెడుతుండాలి. లిథియం సెల్లు కూడా మరీ కిందకి దిగితే చెడుతుంది. కాకపోతే దాన్ని పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జింగ్‌తో ఉంచాలి. రెండింటికీ వేడి శత్రువే. రోహిణి కార్తెలో రేకుల మోటారు షెడ్డులో లైటు వదిలేయడం అంటే బ్యాటరీని వేపుడు పెట్టడమే.

ఈ పరీక్ష వారం వారం చేయక్కర్లేదు. ఖరీఫ్ ముందు ఒకసారి, రబీ ముందు ఒకసారి చాలు. వచ్చిన నిమిషాలు, తేదీ లైటు మీదే పెయింటుతో రాసి ఉంచండి. గంటాయాభై వచ్చిన లైటు వచ్చే ఏడాది గంటకి దిగితే బ్యాటరీ మార్చే టైము వచ్చినట్టు.

మార్చాక పాతదాన్ని గట్టు మీద పడేయకండి. సీసం మట్టిలో కుళ్లదు, ఏ జీవామృతం పోసినా పోదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనేటప్పుడు పాతది సంచిలో వేసుకుని షాపుకి వెళ్లండి. లెడ్ యాసిడ్ అయితే పాత సామాను కొనేవాళ్లు కూడా అడుగుతారు గానీ, వాళ్లు పగలగొట్టి యాసిడ్ ఎక్కడ పారబోస్తారో చూసే నాథుడు లేడు. నేనైతే షాపుకే ఇస్తాను.