తరగతి గదిలో చిట్టి డ్రోన్లు: చేసి నేర్చుకునే విద్యకు దోహదం

సమబాహు త్రిభుజంలో ప్రతి కోణం 60 డిగ్రీలని పాఠశాల విద్యార్థులు చదువుకొనియే ఉంటారు. అయితే ఒక చిన్న డ్రోన్‌ను త్రిభుజాకారంలో నడపదలచి, ప్రతి మూల వద్ద 60 డిగ్రీలు తిరగమని ఆదేశమిచ్చినచో, మూడు భుజాలు పూర్తయినా అది బయలుదేరిన చోటికి చేరదు. అక్కడ తిరగవలసినది బాహ్యకోణం, అనగా 120 డిగ్రీలు. పొరపాటును విద్యార్థి కళ్లారా చూసి, తానే దిద్దుకొనగలగడం ప్రోగ్రామింగ్‌కు వీలైన చిన్న డ్రోన్ల వలన కలిగే ప్రధాన ప్రయోజనం.

పనిచేసే విధానం

ఇటువంటి డ్రోన్లకు 2018లో విడుదలైన టెల్లో ఒక ఉదాహరణ. దీని బరువు సుమారు 80 గ్రాములు. ఒకసారి చార్జి చేసిన బ్యాటరీతో గరిష్ఠంగా 13 నిమిషాలు ఎగురుతుంది. నాలుగు రెక్కలలో రెండు ఒక దిశలోను, రెండు వ్యతిరేక దిశలోను తిరుగుతూ డ్రోన్ గింగిరాలు తిరగకుండా నిలుపుతాయి. అడుగుభాగంలోని కెమెరా నేలను గమనిస్తూ స్థానాన్ని నిలకడగా ఉంచుతుంది. నున్నగా మెరిసే నేలపైన, మసక వెలుతురులోను ఈ ఏర్పాటు సరిగా పనిచేయదు.

కంప్యూటర్ నుండి వైఫై ద్వారా పైకి లేవడం, ముందుకు సాగడం, తిరగడం, దిగడం వంటి ఆదేశాలు పంపవచ్చు. చిన్న తరగతుల వారు స్క్రాచ్‌లో దిమ్మెలను పేర్చి, పెద్ద తరగతుల వారు పైథాన్‌లో వ్రాసి వీటిని రూపొందించవచ్చు. 15 సెకన్లపాటు ఏ ఆదేశమూ అందకపోతే డ్రోన్ తనంతట తానే దిగుతుంది.

నిబంధనలు, జాగ్రత్తలు

2021 ఆగస్టు 25న కేంద్ర ప్రభుత్వం జారీచేసిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములకు మించని డ్రోన్లు నానో తరగతికి చెందుతాయి. వీటిని నడిపేందుకు రిమోట్ పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు. అయినప్పటికీ గదిలో సైతం రెక్కలకు రక్షణ చట్రాలు అమర్చడం, విద్యార్థులను తగిన దూరంలో నిలపడం, ఉబ్బిన బ్యాటరీలను వాడకుండా ప్రక్కన పెట్టడం తప్పనిసరిగా పాటించవలసిన జాగ్రత్తలు. అనుమతి లేనిదే విద్యార్థుల చిత్రాలు తీయరాదు.

2022 ఫిబ్రవరి 9న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ డ్రోన్ల దిగుమతిని నిషేధించినది. పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకు మినహాయింపు ఇచ్చి, విడిభాగాల దిగుమతిని అనుమతించినది. విడిభాగాలను కూర్చి డ్రోన్‌ను తయారుచేయడం కూడా విద్యార్థులకు ఒక పాఠమే.

అందరికీ అందినప్పుడే సార్థకత

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 6 నుండి 12 తరగతుల విద్యార్థుల కొరకు దేశవ్యాప్తంగా 10,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లను నెలకొల్పినది. ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థికి ఇటువంటి ప్రయోగశాలయే ఏకైక అవకాశం కావచ్చు. పరికరం బీరువాలోనే ఉండిపోయినా, ఒకరిద్దరు నడుపుతుండగా తక్కినవారు చూస్తూ నిలబడినా ఆ అవకాశం చేజారినట్లే.

ఒక పీరియడ్‌లో ఎగిరే సమయం 13 నిమిషాలకు మించనందున ముందస్తు ప్రణాళిక అవసరం. విద్యార్థులను జట్లుగా విభజించి, ఆదేశాలు వ్రాయడం, దూరాలు కొలవడం, డ్రోన్‌ను ఎగురవేయడం, ఫలితం నమోదు చేయడం అనే నాలుగు పనులను వంతులవారీగా అప్పగించవచ్చు. బాలికలు కేవలం నమోదు పనికే పరిమితం కాకుండా చూడవలసి ఉన్నది. ఎగురవేయడానికి ముందే డ్రోన్ ఎక్కడ దిగునో అంచనా వ్రాయించి, పిదప కొలిచి పోల్చినచో వ్యత్యాసానికి కారణాలను విద్యార్థులే వెదుకుతారు.

మహిళా స్వయం సహాయక బృందాలలో 15,000 బృందాలకు వ్యవసాయ డ్రోన్లు అందించే 1,261 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో ఆమోదించినది. పొలాలపై ఎగిరే డ్రోన్‌కైనా, తరగతి గదిలోని చిట్టి డ్రోన్‌కైనా మూలసూత్రాలు ఒక్కటే. వాటిని బడిలోనే చేసి చూసిన విద్యార్థి రేపటి పరిజ్ఞానానికి వినియోగదారుగా మాత్రమే మిగిలిపోక, దానిని రూపొందించేవాడుగా, మరమ్మతు చేసేవాడుగా ఎదిగే అవకాశం కలదు.