గళ్ళలో వ్రాసిన ఆజ్ఞాపత్రము

ఒక కార్యాలయమునకు రెండువందల కొత్త చేతిఫోనులు వచ్చినవనుకొందము. ప్రతి ఫోనును తెరచి, వైఫై పేరును, పాస్‌వర్డును నింపి, కావలసిన యాప్‌లను ఒక్కొక్కటిగా చేర్చవలెనన్న ఎంత కాలము పట్టును! పాస్‌వర్డులో ఒక్క అక్షరము తప్పినను మరల మొదటికి రావలసినదే. ఈ శ్రమను తప్పించుటకు, దుకాణములలో సొమ్ము చెల్లించునపుడు మనము నిత్యము చూచు క్యూఆర్ కోడునే నేడు వాడుచున్నారు.

జపాను దేశమున మోటారు విడిభాగముల జాడ తెలిసికొనుటకై డెన్సో సంస్థలో మసాహిరో హారాయును, ఆయన సహచరులును 1994లో దీనిని రూపొందించిరి. మూడు మూలలనున్న పెద్ద చదరములు కెమెరాకు దిక్కును తెలుపును. కావున బొమ్మను ఎటు త్రిప్పి చూపినను చదువవచ్చును. అక్షరములు తక్కిన గళ్ళలో ఇమిడియుండును. మిక్కిలి గట్టి తరగతి కోడులో సుమారు 30 శాతము చెడినను విషయము దక్కును.

2016లో వెలువడిన ఆండ్రాయిడ్ 7 మొదలుకొని ఈ కోడుతో ఫోనును సిద్ధపరచు వీలు కలిగినది. ఫోను కొత్తదై యుండవలెను. లేదా అందలి సర్వమును తుడిచివేసినదై యుండవలెను. స్వాగతము పలుకు తొలి తెరపై సాధారణముగా ఒకేచోట ఆరుమార్లు తట్టినచో, కోడును చదువుటకు కెమెరా తెరచుకొనును. ఏ వైఫైలో చేరవలెను, ఫోనును పాలించు యాప్‌ను ఎచ్చటినుండి తెచ్చుకొనవలెను, వచ్చినది అసలైనదేయని తేల్చు గురుతు ఏది అను సంగతులు అందుండును. గురుతు సరిపోలనిచో ఫోను ఆ యాప్‌ను స్వీకరింపదు. సరిపోలినచో దానికి యాజమాన్యము నప్పగించును. అటుపై కార్యాలయము యాప్‌లను చేర్పవచ్చును, కెమెరాను ఆపవచ్చును, పోయిన ఫోనును దూరమునుండియే తుడిచివేయవచ్చును.

ఇచ్చట రెండు సంగతులు గమనింపదగినవి. ఈ కోడు మూసిన కవరు వంటిది కాదు, పోస్టుకార్డు వంటిది. కెమెరా గల ఎవరైనను దానిని చదువగలరు. అందు వైఫై పాస్‌వర్డున్నచో, కోడును గోడకంటించుట పాస్‌వర్డును గోడపై వ్రాయుటయే. కావున ఫోనులను సిద్ధపరచుటకు కార్యాలయపు ముఖ్య వైఫైను గాక వేరొకదానిని వాడుట, కోడులోని ప్రవేశానుమతికి స్వల్పమైన గడువు పెట్టుట మేలు.

రెండవది మరింత ముఖ్యము. గురుతు కూడ ఆ కోడులోనే యున్నది. కోడు వ్రాసినవాడే మోసగాడైనచో, అతని యాప్‌కు అతని గురుతు సరిగానే సరిపోలును. ఫోను అతనినే యజమానిగా నెంచును. అపరిచితుడు చూపిన కోడుతో కొత్త ఫోనును తెరచుట, ఇంటి తాళపుచెవి నిచ్చివేయుటయే.

కార్యాలయము ఫోను నిచ్చినపుడు, అందు తాము చూడగలిగినదేమి, తుడువగలిగినదేమి ముందుగా తెలుపుట యజమానుల ధర్మము. అడిగి తెలిసికొనుట ఉద్యోగుల హక్కు. ఇంటి ఫోటోలను అట్టి ఫోనులో మాత్రమే దాచుకొనుట క్షేమము కాదు.