వనభోజనాలకి జిమ్మీ కూడా!

కార్తీకమాసం వచ్చిందంటే మా ఇంట్లో మొదట వినిపించే మాట "ఈసారి ఎక్కడికి?" అని. ఉసిరిచెట్టు ఉండాలి, పక్కన నీళ్లుండాలి, పిల్లలు పరుగులు పెట్టడానికి చోటుండాలి. మా అనకాపల్లి వాళ్లకి దానికి ఒకటే జవాబు. కొండకర్ల ఆవ.

మూడేళ్ల కిందట కూడా అంతే. పులిహోర ఎవరు చెయ్యాలి, పెరుగన్నం ఎవరు కలపాలి, చాపలు, గ్లాసులు ఎవరు తేవాలి అనే పంపకాలన్నీ అయిపోయాక మా అబ్బాయి నెమ్మదిగా అడిగాడు.

"మరి జిమ్మీ?"

అందరూ నా వంక చూశారు. నేను అత్తయ్యగారి వంక చూశాను.

జిమ్మీ మా లాబ్రడార్ కుక్క. నాలుగేళ్లది, 34 కిలోల బరువు. తిండి దగ్గర మొహమాటం లేదు. బకెట్‌లో నీళ్లు కనిపిస్తే చాలు, ముందు కాళ్లు రెండూ అందులో పెట్టేస్తుంది. అలాంటిదాన్ని ఇంట్లో గొలుసుకి కట్టేసి మనం చెరువు దగ్గర కూర్చుని తింటామా అని పిల్లలిద్దరూ ఒకటే గోల.

"ఉసిరిచెట్టు కింద పూజకి కుక్కేటమ్మా!" అన్నారు అత్తయ్యగారు. ఆవిడకి జిమ్మీ అంటే కోపం లేదు. రోజూ సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని దానికి బిస్కెట్లు పెట్టేది ఆవిడే. కానీ మడి మడే. చివరికి నేనే మధ్యే మార్గం చెప్పాను. పూజ అయ్యేదాకా జిమ్మీ కారులో ఉంటుంది, భోజనాలప్పుడు బయటికి తెద్దాం అని. ఎవరికీ నొప్పి తగలని ఏర్పాటు కదా అని నాలో నేనే మురిసిపోయాను కూడా.

ఆ ఏర్పాటే కొంప ముంచింది.

పావుగంటలో...

కొండకర్ల ఆవ చూడనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. కొల్లేరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద మంచినీటి సరస్సని చెబుతారు దీన్ని. గట్టు పొడుగునా కొబ్బరిచెట్లు, తాటిచెట్లు, దూరంగా కొండలు, నీళ్ల మీద తామరాకులు. తాటిమాను తొలిచి, అలాంటివి రెండు జతగా కట్టి చేసిన దోనెల మీద మనల్ని తిప్పుతారు. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలుతాయి. మా ఇంటి నుంచి అరగంట ప్రయాణం.

మేం చేరేసరికి పదిన్నర అయింది. కారుని చెట్టు నీడన పెట్టించాను. నాలుగు అద్దాలూ నాలుగేసి వేళ్ల మందం దించాను. ఓ గిన్నెలో నీళ్లు కూడా పెట్టాను. కార్తీకమంటే చలికాలమేగా, ఇంకేం భయం అనుకున్నాను. పూజలో పడ్డాక నీడ జరుగుతుందన్న సంగతి నాకు తట్టలేదు.

దీపాలు పెట్టడం, ప్రదక్షిణలు, కథ చదవడం. అందరికీ ప్రసాదం పెడుతుంటే మా అమ్మాయి కారు వైపు నుంచి కేక పెట్టింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వెళ్లి చూస్తే కారంతా ఎండలో ఉంది. నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంది. జిమ్మీ వెనక సీటు కింద పడిపోయి ఉంది. నాలుక ఎర్రగా కందిపోయి బయటికి వేలాడుతోంది. నోటి నిండా చిక్కటి చొంగ. పిలిస్తే కళ్లు తిప్పింది గానీ లేవలేకపోయింది. మావారు, మా మరిదిగారు కలిసి మోసుకొచ్చి చెట్టు కింద పడుకోబెట్టారు. పిల్లలు ఏడుపు. నాకు చేతులాడలేదు. మేం ఎప్పుడూ చూపించే పశువుల డాక్టరుగారికి మావారు ఫోన్ చేశారు.

"బయల్దేరకండి. ముందు చల్లబరచండి, తర్వాత తీసుకురండి" అన్నారాయన.

నీళ్లు! తాగడానికి తెచ్చిన సీసాలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. ఆవలోకి దిగి తేవాలంటే బురద. నిండుగా ఉన్నది ఒక్కటే, అత్తయ్యగారి ఇత్తడి బిందె. మడిగా, వంటకని విడిగా తెచ్చుకున్న నీళ్లు. అడగాలా వద్దా అని నేను తటపటాయిస్తుండగానే ఆవిడే బిందె ఎత్తుకుని వచ్చేశారు.

"చూస్తావేటమ్మా, పోసీ! మడి మళ్లీ కట్టుకోవచ్చు గానీ దీని ప్రాణం మళ్లీ వస్తాదా?"

పొట్ట మీద, చంకల్లో, పాదాల మీద నీళ్లు పోశాం. తడి తువ్వాలుతో ఒళ్లంతా తుడుస్తూ, అరిటాకులతో విసిరాం. ఇరవై నిమిషాలకి అది తల ఎత్తింది. అప్పుడు బయల్దేరాం. డాక్టరుగారు చూసేసరికి కూడా ఒంట్లో 104 డిగ్రీల జ్వరముంది. రెండు రోజులు సెలైన్, మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమోనని రక్తపరీక్షలు. మా అదృష్టం బాగుండి జిమ్మీ దక్కింది.

దానికి చెమట పట్టదు

"అద్దాలు దించాను కదండీ!" అని డాక్టరుగారితో అన్నాను. ఆయన విసుక్కోకుండా విడమరచి చెప్పారు. చాలామంది చేసే పొరపాటే కాబట్టి మీకూ చెబుతున్నాను.

మనకి ఒళ్లంతా చెమట పడుతుంది, అది ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకి అరికాళ్ల దగ్గర తప్ప చెమట లేదనే చెప్పాలి. నోరు తెరిచి, నాలుక చాపి రొప్పుతూ, ఆ తడిని ఆవిరి చేసుకునే అది చల్లబడాలి. చుట్టూ ఉన్న గాలే వేడిగా, ఉక్కగా ఉంటే ఎంత రొప్పినా లాభం లేదు. మన కోస్తా ఎండకి తోడు ఉక్కపోత కూడా ఉండనే ఉంది.

ఎండలో నిలిపిన కారులో పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీల సెంటిగ్రేడు వేడి పెరుగుతుంది. బయట 30 ఉంటే లోపల 40 అన్నమాట. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఒళ్లు చేసిన కుక్కలకి, ముసలివాటికి, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ప్రమాదం మరీ ఎక్కువ. ముక్కే సరిగ్గా లేనిది ఎంతని రొప్పుతుంది పాపం!

అలాంటప్పుడు చెయ్యాల్సింది ఇది. నీడకి చేర్చి, మామూలు చల్లటి నీళ్లు పొట్ట, తొడలు, పాదాలు తడిసేలా పోసి, విసురుతూ ఉండాలి. స్పృహ తప్పిన కుక్క నోట్లో బలవంతంగా నీళ్లు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకున్నట్టు కనిపించినా సరే, డాక్టరుకి చూపించే తీరాలి. లోపల జరిగిన నష్టం మర్నాటికి గానీ బయటపడకపోవచ్చు.

నీటి దగ్గర, చెట్ల మధ్య

అంత జరిగాక ఇంకెప్పుడూ తీసుకెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కానీ డాక్టరుగారే, "తీసుకెళ్లడం తప్పు కాదమ్మా, తెలీకుండా తీసుకెళ్లడం తప్పు" అన్నారు. నాలుగు గోడల మధ్య పెరిగే కుక్కకి కొత్త వాసనలు, పరుగు, ఈత ఒంటికీ మనసుకీ మంచివే. అయితే కొన్ని తెలుసుకోవాలి.

మొదటిది తాడు. మన కుక్క ఎంత బుద్ధిమంతురాలైనా కొత్తచోట వదలకూడదు. గట్టు మీద మేకలుంటాయి, కోళ్లుంటాయి, ఊరికుక్కలుంటాయి. నీళ్లలో బాతులు, కొంగలు మేస్తుంటాయి. వేల మైళ్లు ఎగిరొచ్చిన పక్షిని మన సరదా కోసం బెదరగొట్టడం పాపం కదూ! తుప్పల్లోకి మూతి పెడితే పాములు కూడా ఉండొచ్చు.

రెండోది, అడవులన్నీ ఒకటి కావు. విశాఖ పక్కనున్న కంబాలకొండ లాంటి అభయారణ్యాలకి పెంపుడు కుక్కని తీసుకెళ్లకండి. "మా కుక్క ఏం చేస్తుంది?" అంటారేమో. కుక్కలకి వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి అడవుల్లో సింహాలకి సోకి, దాదాపు వెయ్యి చచ్చిపోయాయి. చుట్టుపక్కల పల్లెల్లోని కుక్కల నుంచే అది వచ్చి ఉంటుందని పరిశోధకులు చెప్పారు. 2018లో మన గుజరాత్‌లోని గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు పోయినప్పుడు వాటిలోనూ ఇదే వైరస్ బయటపడింది. కుక్కకి టీకాలు వేయించడం మన ఇంటికే కాదు, అడవికీ మేలన్నమాట.

మూడోది నిలవ నీళ్లు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. కుక్కకే కాదు, కాలికి గాయంతో ఆ నీళ్లలో దిగిన పిల్లలకీ వస్తుంది. పచ్చగా నాచు పట్టి, కదలకుండా ఉన్న నీళ్లలోకి ఇద్దర్నీ దిగనివ్వకండి. తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఈత కొట్టాక కుక్కని మంచినీళ్లతో కడిగి, చెవులు పొడిగా తుడవాలి.

నాలుగోది పిడుదులు. గడ్డిలో తిరిగొచ్చిన రోజు రాత్రి చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, తోక కింద తడిమి చూడండి. వీటి వల్ల వచ్చే జ్వరానికి కుక్కలు ప్రాణాలే పోగొట్టుకుంటాయి. కనిపించిన పిడుదుని చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగెయ్యాలి. వేళ్లతో నలపకూడదు. మా అమ్మ కిరసనాయిలు రాసేది. అది వద్దు, చర్మం పుండవుతుంది.

ఇక తిండి. విస్తట్లో మిగిలినవన్నీ దానికి పెట్టెయ్యడం మనకి అలవాటు. పాయసంలోని కిస్‌మిస్, ద్రాక్షపళ్లు కుక్కల మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. ఉల్లిపాయ వాటి రక్తానికి చేటు. చాక్లెట్ విషమే. ఉడికించిన కోడి ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. దాని పెరుగన్నం దానికి విడిగా కలిపి తీసుకెళ్తే గొడవే లేదు.

మళ్లీ కార్తీకం

మరుసటి ఏడు మళ్లీ కొండకర్లే వెళ్లాం. ఈసారి ముహూర్తం మార్చాం. తెల్లవారి ఆరింటికల్లా గట్టు మీద ఉన్నాం. మంచు ఇంకా విడలేదు. తామరాకుల మధ్య నుంచి ఓ దోనె వస్తుంటే జిమ్మీ చెవులు రిక్కించి, తోక ఊపుతూ నిలబడిపోయింది. మా అబ్బాయి పొడుగు తాడు పట్టుకుంటే, పక్షులు లేని వైపు, గట్టు వాలుగా ఉన్నచోట నీళ్లలోకి దిగింది. ఓ కొబ్బరి డొక్క విసిరితే తెచ్చి మళ్లీ మా కాళ్ల దగ్గర పడేసేది. ఎండెక్కేలోపు, తొమ్మిదిన్నరకి, మావారు దాన్ని ఇంట్లో దింపి వచ్చారు. ఆనక మా పూజ, భోజనాలు తీరిగ్గా సాగాయి. ఇద్దరికీ వనభోజనమే, వేళలు వేరు, అంతే!

బయల్దేరే ముందు అత్తయ్యగారు రెండు బిందెలు కారెక్కించారు. రెండోది ఎందుకండీ అంటే, "దానిదమ్మా" అన్నారు. అక్కడితో ఆగలేదు. "దత్తాత్రేయుడి కాళ్ల దగ్గర నాలుగు కుక్కలుంటాయి. ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికే రానన్నాడు. మనం ఆవకి తీసుకెళ్లలేమేటి?" అని నాకే పురాణం చెప్పారు.

నిజమే. కానీ ధర్మరాజు తన కుక్కని ఎండలో కారులో పెట్టి పూజకి వెళ్లలేదు. ఆ తప్పు నాది. అది మీ చేత జరగకూడదనే ఇదంతా రాశాను.

బయల్దేరే ముందు...

* రేబిస్ టీకా, మిగతా టీకాలు గడువు దాటలేదని చూసుకోండి. టీకా వేసిన కుక్కే అయినా పిల్లల్ని కరిచినా, గోరు గీరినా 15 నిమిషాలపాటు సబ్బు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

* పశువుల డాక్టరు నంబరు ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉండాలి.

* కుక్క కోసం ప్రత్యేకంగా ఓ క్యాను నీళ్లు, వెడల్పాటి గిన్నె, పాత తువ్వాలు రెండు, గట్టి తాడు సర్దుకోండి. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల కట్టండి.

* నేల మీదా, బండల మీదా మీ అరచెయ్యి వెనక భాగం ఆనించి చూడండి. అయిదు సెకన్లు ఓర్చుకోలేకపోతే కుక్క పాదాలు కూడా కాలతాయి.

* దారిలో వాంతులు కాకుండా ఉండాలంటే బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు తిండి పెట్టకండి.

* అది చేసిన మలాన్ని కాగితంతో ఎత్తెయ్యండి. రేపు అక్కడే ఇంకొకరు చాప పరుస్తారు.

* ఒక్క నిమిషమే అనుకుని కూడా మూసిన కారులో వదలకండి.