అచ్చులు – హల్లులు

గుంటూరు మిరప యార్డు వైపు టిక్కీల (మిరప బస్తాల) లారీలు రేయింబవళ్లు సాగిపోవు ఫాల్గుణ మాసమున, గాలిలో సన్నని ఘాటు నిలిచి, తలుపులు మూసికొన్న గదులలోని వారు సైతము ఉండియుండి తుమ్ముచుండు దినములలో, బ్రాడీపేటలో ఒక విశ్రాంతోపాధ్యాయుని ఇంట కూర్చుండి నేను నాలుగు గ్రామఫోను ప్లేట్లను రెండు పూటలు ఒకదాని వెంట ఒకటి వింటిని. నాలుగింటిలోను ఉన్నది ఒకే రచన, ఒకే కంఠము. ఆ రచన ‘పుష్పవిలాపము’. గుంటూరు జిల్లా కొమ్మూరున 1912లో జన్మించి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు చెప్పిన ‘కరుణశ్రీ’ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పద్యములు అవి. కృష్ణా జిల్లాలో 1922లో పుట్టి, విజయనగరము సంగీత కళాశాలలో విద్య నేర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు వానిని పాడి ప్లేటు ఇచ్చిన పిమ్మట, కావ్యము చేతబట్టి ఎరుగని వారు కూడ పత్తి చేలలో, మిరప కళ్లాలలో ఆ పద్యములను నోటికి చెప్పుకొనిరి.

నాలుగు ప్లేట్లలో మొదటిది, పాట కొత్తగా వచ్చిన దినములలోనే మాస్టారు కొని, కాగితపు సంచి చినుగకుండ దాచుకొన్న 78 వేగపు లక్క ప్లేటు. రెండవది ఆ ప్లేటునకే మరియొక ప్రతి, కొన్నేండ్ల తరువాత వారి బంధువులు కొన్నది. మూడవది పర్చూరు ప్రాంతమున పెండ్లి పందిళ్లలో మ్రోగి మ్రోగి, నలుపు విడిచి బూడిదరంగు తిరిగిన ఒక మైకుసెట్టు వారి సొత్తు. నాలుగవది చాలకాలమునకు వచ్చిన ఎల్పీ సంకలనము. ఒకే గొంతు నాలుగింట నాలుగు తీరుల వినబడుట ఎట్లు సంభవించునో తెలియవలెనన్నచో, ఈ నల్లని బిళ్ల పుట్టుకను కొంత చెప్పుకొనవలసియున్నది.

ఎడిసన్ 1877లో కట్టిన యంత్రము ధ్వనిని దాచగలిగెను గాని పదిమందికి పంచలేకపోయెను. తగరపు రేకు చుట్టిన ఆ స్తూపము ఒక పర్యాయము పలికి, మరికొన్ని పర్యాయములు పలికి, చినిగిపోయెడిది. పదేండ్ల తరువాత ఎమిల్ బెర్లినర్ స్తూపమును విడిచి చదునైన బిళ్లను చేపట్టి, గాడిని లోతునకు త్రవ్వుటకు మారుగా ప్రక్కలకు ఊగించెను. ఈ మార్పు చిన్నదిగా కనబడును గాని, తరువాతి చరిత్రయంతయు దానిలోనే ఉన్నది: చదునైన వస్తువునకు అచ్చు తీయవచ్చును, అచ్చు తీయగలిగినది అంగడికెక్కును.

1902లో ధ్వనిముద్రకుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గాయని గౌహర్ జాన్ మొదలగు వారి పాటలను మైనపు పలకలపై పట్టుకొనిపోయెను. ఆ మైనము ఓడమీద జర్మనీలోని హానోవరు చేరి, అక్కడ ప్లేట్లుగా అచ్చుపడి, మరల ఓడమీదనే మన అంగళ్లకు వచ్చెడిది. పాట ముగిసినంతనే గౌహర్ జాన్ ఆంగ్లమున తన పేరు చెప్పుకొనుట ఆ ప్లేట్లలో నేటికిని వినవచ్చును. ఏ మైనము ఎవరిదో దూరదేశపు పనివాడు గుర్తుపట్టుటకై ఏర్పడిన పద్ధతియది. 1908లో కలకత్తా సియాల్దా దగ్గర, 1928లో డమ్‌డమ్ దగ్గర కర్మాగారములు వెలసిన పిమ్మట, కుక్కబొమ్మ గుర్తు గల మన ప్లేట్లు మన దేశముననే అచ్చుపడసాగెను.

లక్క మనకు కొత్త వస్తువు కాదు. పాండవులను కాల్చనెంచిన ఇల్లు లక్కది. ఏటికొప్పాక బొమ్మల మెరుగు లక్కది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై ఒక చిన్న పురుగు విడుచు జిగురును ఛోటానాగపూరు అడవులలో సేకరించి, కడిగి, పొడవైన గుడ్డసంచులలో నింపి నిప్పుసెగ ముందు మెలిపెట్టి పిండగా వచ్చు పదార్థమే ప్లేటునకు ప్రాణము. అయినను ప్లేటులో లక్క ఇంచుమించు మూడవవంతు మాత్రమే. మిగిలినది పలకరాతి పొడి, సున్నపురాతి పొడి, నలుపు కొరకు మసి. పెళుసుదనమును తగ్గించుటకై కొంచెము దూది నూగు.

ఈ దూది మాట చదివిన నాడు నాకు నమ్మకము కుదురలేదు. విరిగిన ముక్కనొకదానిని వెదకి తెచ్చి, కిటికీ వెలుతురున భూతద్దము క్రింద పెట్టి చూచితిని. విరిగిన అంచు బొగ్గువలె గరుకుగా ఉండెను. అక్కడక్కడ వెండ్రుకకంటె సన్నమైన తెల్లని పోగొకటి రాతిపొడిలోనుండి చొచ్చుకొని వచ్చి, నా ఊపిరి తగిలినపుడు కదలుచుండెను. జిన్నింగు మిల్లులో పనిచేసి ఇల్లు చేరిన వారి కనుబొమ్మలపై నిలుచునది అట్టి పోగే. పత్తి పండించు సీమలో పుట్టి పెరిగిన నాకు, ఇంటిలో ఇన్నేండ్లు పాడిన ఆ ప్లేటులో దూది ఉన్నదని యాబదియేండ్లు పైబడినదాక తెలియకపోవుట విచారమనిపించినది.

మరి రాతిపొడి ఎందుకు? ఉక్కు ముల్లును సానపట్టుటకు. తాళమిచ్చి త్రిప్పు పెట్టెలో సౌండు బాక్సు బరువు నూరు గ్రాములకు పైమాట. అంత బరువుతో దిగిన ముల్లు తొలి చుట్లలోనే అరిగి గాడికి సరిపోవు రూపము దాల్చవలెను. రాయి ముల్లును అరుగదీయును. ముల్లు కొంత గాడిని అరుగదీయును. ఒక్కొక్క పక్కకు ఒక్కొక్క కొత్త ముల్లు వేయవలెనని పెద్దలు పట్టుబట్టుటకు కారణమిదే. పాట వెనుక చినుకు పడుచున్నట్లు వినబడు ‘సుయ్’ మను చప్పుడు కూడ ఆ రాతిపొడి చేయునదే గాని గాయకుని వెంట వచ్చినది కాదు.

ఇక అచ్చు సంగతి. గాయకుడు పాడుచుండగా మెత్తని పలకపై గాడి పడును. దానిపై లోహపు పూత పూసి, విద్యుత్తు సహాయమున రాగియో నికెలో పేర్చి ఊడదీయగా, గాళ్లకు బదులు గట్లు గల ప్రతిరూపమొకటి వచ్చును. ఆ పనివారు దీనిని తండ్రి అందురు. తండ్రినుండి అదే రీతిని తీసిన గాళ్ల పలక తల్లి. తల్లినుండి మరల తీసిన గట్ల పలకలే అసలు అచ్చులు. ఆవిరితో కాగిన యంత్రములో పై అచ్చునకు క్రింది అచ్చునకు నడుమ, గారెపిండి ముద్దవలె మెత్తబడిన లక్కముద్దను ఉంచి నొక్కి, వెంటనే చన్నీటితో చల్లార్చిన ప్లేటు తయారగును. ఒక అచ్చు కొన్ని వందలకో, వేయికి కొంత ఇటు అటుగానో అరిగిపోవును. అప్పుడు తల్లినుండి మరియొక అచ్చు తీయుదురు. తల్లి అరిగినచో తండ్రిని ఆశ్రయింతురు. కావున ఒకే సంఖ్య, ఒకే బొమ్మ గల రెండు ప్లేట్లు ఒకే అచ్చు బిడ్డలని చెప్పుటకు వీలులేదు. కొత్త అచ్చున తొలినాడు దిగిన ప్లేటులో గాడి గోడలు నిక్కముగా నిలిచియుండును. అరిగిన అచ్చున చివరినాడు దిగిన దానిలో గాడి గోడలపైని అతి సూక్ష్మమైన వంకరలు, అనగా హెచ్చు స్థాయి ధ్వనులు, మొట్టమొదట నశించును. ప్లేటుపై పాట పేరు అట్లే ఉండును. పాటలో కొంత వెళ్లిపోయియుండును.

పది అంగుళముల ప్లేటునకు ఒక పక్క మూడు, మూడున్నర నిమిషములే వ్యవధి. మన పద్యనాటకమునకు ఇది ఎంతటి సంకెలయో తలచికొనుడు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషమున రంగస్థలముపై ఒక్క పాటను ప్రేక్షకులు కోరినంతసేపు భావభావమునకు మార్చి పాడుట తెనాలి, ఒంగోలు ప్రాంతముల పెద్దలు కథలుగా చెప్పుదురు. ప్లేటులోనో, గడియారము ముల్లు చూచుచు ముగింపవలసినదే. ‘పుష్పవిలాపము’ కూడ రెండు పక్కలు ఆక్రమించెను. పద్యముల నడుమ ఘంటసాలగారు పలుకు వచనము, పిమ్మట ఎత్తుకొను పద్యము, నడుమ ప్లేటు త్రిప్పు విరామము; ఆ విరామములో ఇంటివారు మాటలాడక ఉండుట నా చిన్ననాటి జ్ఞాపకము.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీని వెలువరించినపుడు లక్క పోయి వినైలు వచ్చినది, 78 చుట్లు 33⅓కు దిగినవి, గాడి మూడవవంతునకు సన్నగిల్లినది. రాతిపొడి లేదు గనుక చప్పుడును లేదు. అయినను మన దేశమున 78 ప్లేట్లు 1960 దశకమున కూడ అచ్చుపడుచునే ఉండెను. ఆంగ్లదేశపు బీటిల్సు పాటలను సైతము ఇక్కడ లక్కమీద ముద్రించిరి. కరెంటు చేరని పల్లెలలో తాళమిచ్చి త్రిప్పు పెట్టె బ్రతికియున్నంత కాలము దానికి తగిన ప్లేటును బ్రతికియుండవలసినదే గదా.

కొత్తది మేలా, పాతది మేలా అను ప్రశ్నకు వేగము కొంత సమాధానము చెప్పును. 78 ప్లేటు వెలిచుట్టులో ముల్లు క్రింద సెకనుకు సుమారు 39 అంగుళముల గాడి నడచును. ఎల్పీ వెలిచుట్టులో 20, లోపలి చుట్టులో 8 మాత్రమే. ఒక అక్షరము పలుకుటకు 78లో దొరకు చోటు ఎల్పీలో దొరకదు. అయితే ఎల్పీలో దొరకు నిశ్శబ్దము 78లో దొరకదు. ఈ రెంటి నడుమ ఏది కోరవలెనన్నది వినువాడు దేనికొరకు వినునో దానిని బట్టి ఉండును.

మాస్టారు, తాము కరుణశ్రీగారి తరగతిలో కూర్చుండి చదివిన వారు గనుక, పద్యము కొరకే వినిరి. మొదటి ప్లేటు పెట్టబోవుచుండగా నన్ను ఆపి, “తొందరపడకు నాయనా, ముందు శ్రుతి సరిచూడు. శ్రుతి తప్పితే నువ్వు పోల్చేది గొంతునా, మోటారునా?” అనిరి. వారి మాట నిజము. 78 చుట్లు తిరుగవలసినది 74కు దిగినచో శ్రుతి దాదాపు అరస్వరము తగ్గును; గొంతు బరువెక్కి, వినువానికి అదియే గాంభీర్యమని భ్రాంతి కలుగును. హార్మోనియము మెట్టు పట్టి నాలుగు ప్లేట్లను ఒకే శ్రుతికి తెచ్చితిమి. తరువాత ధ్వని పరిమాణము సమము చేసితిమి. ఏ ప్లేటు కొంచెము బిగ్గరగా పలికిన అదియే మేలని చెవి తీర్పు చెప్పును. ఇది అందరి చెవులకును సహజము. మూడవ చిక్కు, గాడి త్రవ్వునపుడు మంద్రధ్వనులను తగ్గించి తారధ్వనులను పెంచు పద్ధతి. 1954 ప్రాంతమున అందరును ఒక ఒప్పందమునకు వచ్చుదాక ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క లెక్క. నేటి యంత్రము ఆ కొత్త లెక్కతోనే వెనుకకు సరిచేయును గనుక పాత ప్లేటు దానిపై మసకగా పలుకును. తప్పు ప్లేటుది కాదు. మీటలతో చెవికి తగినట్లు దిద్దుకొంటిమి.

అప్పుడు విన్నాము. మైకుసెట్టు ప్లేటు గూర్చి చెప్పుటకు ఎక్కువ లేదు. గొంతు ఉన్నది, రాగమున్నది, మాటలు నమిలినట్లున్నవి. బరువైన పికప్పుల క్రింద, మార్చని ముండ్ల క్రింద అది ఊరి సంబరములన్నిటికి సేవచేసి అలసినది. దానిపై నాకు గౌరవమే గాని ఫిర్యాదు లేదు. ఎల్పీ పెట్టగానే గదిలో చల్లదనము పరచుకొన్నట్లాయెను. సుయ్యను చప్పుడు మాయమైనది, మంద్రము నిండుగా ఉన్నది. రెండు నిమిషములు నేను అదియే ఉత్తమమని నిశ్చయించుకొంటిని. మాస్టారు కన్నులు మూసికొని, “శషసలు వినవయ్యా” అనిరి.

అప్పుడు తెలిసినది. మన ఊష్మములలో ‘స’కారపు బలము సెకనుకు అయిదువేల కంపనములకు పైన ఉండును, ‘ష’కారముది దానికి చాల క్రింద, ‘శ’కారము నడుమ నిలుచును. లక్క ప్లేటునుండి పాటను ఎల్పీకి ఎక్కించునపుడు, దాని చప్పుడును అణచుటకై పైస్థాయిని కత్తిరించినచో, ఆ కత్తెర మొదట ‘స’కారమును కోయును. మేము విన్న ఎల్పీలో జరిగినదిదియే. దంత్యము తాలవ్యమునకు జరిగినది, తాలవ్యము మూర్ధన్యమునకు ఒరిగినది. సంస్కృత సమాసములతో నిండిన పద్యమున ఈ మూడక్షరములు ఒకదానినొకటి పోలినచో, అర్థము చెడకపోవచ్చును గాని, ఘంటసాలగారు ఏ అక్షరమును ఎచ్చట ఎంత సున్నితముగా మోపిరో ఆ సున్నితము చెడును. అచ్చులను, అనగా స్వరములను, ఎల్పీ చక్కగా కాపాడినది, హల్లులను కాపాడలేదు.

మొదటి లక్క ప్లేటులో చప్పుడున్నది. కాని దాని వెనుక పెదవులు విడివడుట, పద్యమునకు ముందు పీల్చిన ఊపిరి, వచనములోనుండి పద్యమునకు ఎక్కునపుడు గొంతులో వచ్చు చిన్న బిగువు, అన్నియు ఉన్నవి. చెవి కాసేపటికి చప్పుడును ప్రక్కకు నెట్టివేయును. లేని అక్షరమును మాత్రము తెచ్చుకొనజాలదు. రెండవ ప్లేటు, చూపునకు మొదటిదానికంటె నిగనిగలాడుచున్నను, ఒక మెట్టు క్రిందనే నిలిచినది. ముల్లు అరుగదీసిన జాడ లేని భాగములలో సైతము పైస్థాయి నలిగియుండుటచే, అది అరిగిన అచ్చు బిడ్డయని ఊహించితిమి.

శుభ్రము చేయు విషయమై ఒక మాట. ఎల్పీ తుడుచుటకు స్పిరిటు కొందరు వాడుదురు. లక్క స్పిరిటులో కరగును. ఇది తెలియక యౌవనమున నేనొక 78 ప్లేటును స్పిరిటు దూదితో తుడిచితిని. దూది నల్లబారినకొలది మురికి వదలుచున్నదని సంతోషించితిని. వదలినది మురికి కాదు, పాట. చన్నీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డ చాలును. మిరపకారపు ధూళి, పత్తి నూగు గాళ్లలో చేరు మన సీమలో అది తరచు అవసరమగును. వైశాఖపు ఎండలో ప్లేట్లను పరుండబెట్టిన వంగును, నిలువబెట్టవలెను.

చివరకు మిగిలినది లోపలి చుట్ల పరీక్ష. పాట ముగియు చోట గాడి వేగము 39 అంగుళములనుండి 16కు పడిపోవును. ఉక్కు ముల్లు అప్పటికి మొద్దుబారియుండును. పువ్వుల మొర పతాకస్థాయికి వచ్చునది సరిగా అచ్చటనే. మొదటి ప్లేటు రెండవ పక్క మూడువంతులు నడచిన తరువాత మాస్టారు చేయి చాచి ముల్లు ఎత్తివేసి, పాతదానిని ఊడదీసి, పెట్టెలోనుండి కొత్త ముల్లు వెదకి బిగించి, వణకు వ్రేళ్లతో వెనుకటి పద్యము మొదట దించిరి. వీధిలో టిక్కీల లారీ యొకటి పోవుచుండెను. అది దాటువరకు ఇరువురము ప్లేటుకు చెవి ఒగ్గి కూర్చుంటిమి. చివరి పద్యములోని ‘స’కారములు ఒక్కటియు చెదరలేదు.