రంగు పోతే నీరు బాగుపడ్డట్టేనా?

వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్‌లోని కొత్తవాడ మగ్గాల మీద ఆ దర్రీల చారలు రావాలంటే ముందు నూలుకు రంగు వేయాలి. రంగు వేశాక కడగాలి. మరి ఆ కడిగిన నీటి మాటేమిటి?

నూలుకు వాడే రియాక్టివ్ రంగులు మొత్తం దారానికి పట్టవు. రంగును బట్టి పదో వంతు మొదలు సగం దాకా కూడా నీళ్లలోనే ఉండిపోవచ్చు. ఎండకూ ఉతుకుకూ తట్టుకునేలా తయారైన రంగు బ్యాక్టీరియాకూ అంత తేలిగ్గా లొంగదు. పటిక వేస్తే కొంత రంగు బురదతో అడుక్కు దిగుతుంది గానీ నశించదు.

మరి దాన్ని విరగ్గొట్టడం ఎలా? తెల్లటి పొడిగా దొరికే టైటానియం డయాక్సైడ్‌తో చేసిన ఎలక్ట్రోడ్ మీద కాంతి పడితే నీరు విడిపోతుందని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో ప్రకటించారు. కాంతి తగలగానే పొడిలోని ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరి, దాని చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. అలా పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ రంగు అణువు మీద పడి దాన్ని ముక్కలు చేస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఎగిరిన ఎలక్ట్రాన్ రెప్పపాటు కూడా ఆగకుండా మళ్లీ ఖాళీలోకే వచ్చి పడుతుంది. పైగా ఈ పొడికి అతినీలలోహిత కాంతి కావాలి. ఎండలో అది సుమారు ఐదు శాతమే. నానోకాంపోజిట్, అంటే అతిసూక్ష్మ రేణువుల మిశ్రమం, అవసరం ఇక్కడే. గ్రాఫీన్ పొర జోడిస్తే ఎలక్ట్రాన్ అటు జారిపోతుంది, ఖాళీ తన పని చేసుకుంటుంది. ఇనుము, సీరియం వంటివి కలిపితే కంటికి కనిపించే కాంతీ కొంత పనికొస్తుంది. వరంగల్ నిట్ కెమికల్ ఇంజనీరింగ్ విభాగం పాలుపంచుకున్న పరిశోధనల్లో ఇలాంటి మిశ్రమాలనే అల్ట్రాసౌండ్‌తో తయారుచేసి, క్రిస్టల్ వయొలెట్ రంగు మీద పరీక్షించారు. ఆ ధ్వనికి నీటిలో బుడగలు పుట్టి పగులుతాయి. ఆ తాకిడికి రేణువులు ముద్ద కట్టకుండా పొర మీద సమంగా పరుచుకుంటాయి.

ప్రయోగశాల బీకరులో ఉండేది శుభ్రమైన నీరు, ఒకే రంగు. అద్దకం నీటిలో ఉప్పు దండిగా ఉంటుంది, అది రాడికల్స్‌ను మింగేస్తుంది. చిక్కటి రంగు కాంతిని లోపలికి పోనివ్వదు. పని అయ్యాక నానో పొడిని వడకట్టడం మరో ఖర్చు. అందుకే ఇది మామూలు శుద్ధి తర్వాత చివరి మెట్టుగా పనికొస్తుంది తప్ప, దాని బదులుగా కాదని నా అభిప్రాయం.

ఇంకొకటి. అజో అనే రకం రంగుల్లో రెండు నైట్రోజన్ల బంధం తెగితే చాలు, నీరు తేటపడుతుంది. అమీన్ల వంటి విష శకలాలు మాత్రం అందులోనే మిగిలి ఉండవచ్చు. గీసుకొండ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు పెరుగుతున్న ఈ రోజుల్లో, ఎవరైనా తేట నీళ్ల గ్లాసు చూపిస్తే నీటిలో మిగిలిన కాలుష్యాన్ని చెప్పే సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం) ఎంత తగ్గిందో, మొత్తం సేంద్రియ కార్బన్ ఎంత తగ్గిందో తప్పక అడగండి.