చారిత్రక కట్టడాలు – పరిరక్షణ నియమాలు

హైదరాబాదు నగరంలో పంజగుట్ట నుండి ఖైరతాబాదుకు వెళ్లే దారిలో, ఒక గుట్టమీద ఇర్రం మంజిల్ అనే పాత సౌధం ఉన్నది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో దీనిని కట్టించారు. ఇందులో నూట యాభైకి పైగా గదులు ఉన్నాయి. ఆ గుట్టను తెలుగువారు ఎర్రని నేల పేరుతో పిలిచేవారట. ఫారసీలో ‘ఇరం’ అంటే స్వర్గతుల్యమైన ఉద్యానం. ఈ రెండు మాటల పోలికను గమనించి, నవాబుగారు మేడకు ఎర్రరంగు వేయించి ఆ పేరు పెట్టారని పెద్దలు చెప్పుకొంటారు. ఒకే కట్టడాన్ని తెలుగువాడు తన మాటతోను, ఉర్దూ తెలిసినవాడు తన మాటతోను పిలుచుకోగలగడం మన ప్రాంతపు సంస్కృతికి చక్కని నిదర్శనం.

ఇట్టి సౌధాన్ని కూల్చి, ఆ స్థలంలో నూతన శాసనసభా భవనాన్ని నిర్మించాలని 2019 జూన్ 18న తెలంగాణ మంత్రిమండలి నిర్ణయించింది. నవాబుగారి వారసులు, కొందరు పౌరులు ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అదే సంవత్సరం సెప్టెంబరు 16న న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఇంతకూ ఒక పాత భవనాన్ని కాపాడేది ఏది? దాని వయస్సా, అందమా, కట్టించినవారి కీర్తియా? ఇవేవీ కావు. చట్టం దృష్టిలో దానిని కాపాడేవి రెండే: ఒక జాబితా, ఒక నియమం. ఈ విషయాన్ని విద్యార్థులు వివరంగా తెలుసుకోవడం అవసరం.

మన దేశంలో కట్టడాల రక్షణ మూడు అంచెలుగా ఉన్నది. మొదటిది కేంద్ర చట్టం. 1958 నాటి ప్రాచీన స్మారక చిహ్నాల చట్టం ప్రకారం, జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షిస్తుంది. చార్మినారు, గోల్కొండ కోట ఈ కోవలోనివే. 2010లో జరిగిన సవరణ ప్రకారం, అట్టి కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి లేనిదే ఏదియు కట్టరాదు. రెండవది రాష్ట్ర చట్టం. 1960లో ఆంధ్రప్రదేశ్ ఇట్టి చట్టాన్ని చేసుకొని, తన పరిధిలోని స్మారకాలను రాష్ట్ర పురావస్తు శాఖకు అప్పగించింది.

అయితే నగరమంటే కోటలు, గోరీలు మాత్రమే కాదు గదా! మనుషులు నేటికీ మసలుతున్న దేవిడీలు, ఆసుపత్రులు, గ్రంథాలయాలు, కళాశాలలు కూడా చరిత్రలో భాగమే. వీటిని పై రెండు చట్టాలు చాలావరకు స్పృశించలేదు. ఈ లోటును పూరించేదే మూడవ అంచె, అనగా నగరాభివృద్ధి సంస్థలు చేసుకొనే స్థానిక నియమం. 1995లో బొంబాయి నగరం ఇందుకు దారి చూపగా, అదే సంవత్సరం డిసెంబరులో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ నియమావళిలో 13వ నియమం చేరింది.

ఆ నియమపు సారం ఇది. జాబితాలో చేరిన కట్టడాన్ని కూల్చడమే కాదు. ముందస్తు లిఖిత అనుమతి లేనిదే దానికి మార్పులు చేయరాదు, మరమ్మతు చేయరాదు, గిలాబు చేయరాదు, రంగు కూడా వేయరాదు. అనుమతి ఇచ్చే ముందు వారసత్వ పరిరక్షణ సంఘపు సలహా తీసుకోవాలి. 1998లో ప్రకటించిన జాబితాలో 137 కట్టడాలు చోటు చేసుకొన్నాయి. నగరంలోని కొన్ని శిలా సముదాయాలకు కూడా ఈ రక్షణ లభించింది.

రంగు వేయడానికి సైతం అనుమతి ఎందుకని కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. అవి తేమను పీల్చి తిరిగి బయటికి వదులుతాయి. వాటిపై సిమెంటు పూస్తే ఆ తేమ లోపలనే నిలిచి, గోడ లోలోపల గుల్ల అవుతుంది. గచ్చుతో చేసిన లతలు, పువ్వులు పూత మీద పూత పడి రూపు మాసిపోతాయి. సదుద్దేశంతో చేసిన మరమ్మతే కొన్నిసార్లు కూల్చివేత కంటె కీడు చేస్తుంది.

ఇక విచారకరమైన విషయానికి వద్దాం. 2015 డిసెంబరులో ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో ఈ 13వ నియమం రద్దయింది. 2017లో తెలంగాణలో వారసత్వ పరిరక్షణకు ప్రత్యేక చట్టం వచ్చింది. కాని పాత జాబితాలోని కట్టడాలన్నీ అందులో చేరలేదు. ఇర్రం మంజిల్ కూడా చేరలేదు. 2019 నాటి ఆపదకు బీజం ఇక్కడనే ఉన్నది. ప్రభుత్వం విధివిహితమైన పద్ధతిని పాటించలేదని న్యాయస్థానం భావించడం వల్ల ఆ సౌధం నిలిచింది. నియమం బలహీనమైనప్పుడు భవనపు భవిష్యత్తు ఒక్క తీర్పుమీద ఆధారపడుతుంది. ప్రతి భవనానికి అట్టి అదృష్టం కలుగుతుందని చెప్పలేము.

ఎదుటి పక్షపు వాదంలోనూ న్యాయం లేకపోలేదు. జీర్ణించిన దేవిడీలో నివసించే కుటుంబానికి పైకప్పు బాగు చేయించే స్తోమత ఉండదు. ‘కూల్చరాదు’ అని శాసించి ఊరకుంటే, ఆ భారమంతా వారి నెత్తిన పడుతుంది. అందుకనే బొంబాయి నియమాలలో, యజమాని తన స్థలంలో కోల్పోయిన నిర్మాణపు హక్కును వేరొక చోటికి బదిలీ చేసుకొనే వీలు కల్పించారు. నిషేధంతో పాటు సహాయం కూడా ఉన్నప్పుడే నియమం ప్రజల ఆదరాన్ని పొందుతుంది.

మన సంస్కృతీ వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని కర్తవ్యమని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం చెబుతున్నది. విద్యార్థులారా! మీ వీధిలోని పాత మసీదు, ఆషూర్ఖానా, దేవాలయం, బడి ఏదైనా సరే, అది ఏ జాబితాలో ఉన్నదో, అసలు ఉన్నదో లేదో విచారించండి. దాని పేరును, కాలాన్ని, కట్టించినవారి వివరాలను వ్రాసి పెట్టండి. పాత కట్టడాల బాధ్యత వహించే సంఘాల పెద్దలకు కూడా ఒక మనవి: సిమెంటు బస్తా విప్పే ముందు, సున్నపు పని తెలిసిన మేస్త్రీని ఒక్కసారి సంప్రదించండి. జాబితాకు ఎక్కని కట్టడానికి చట్టం అండగా నిలవదు. దానిని జాబితాకు ఎక్కించవలసినది, అది ఉన్న వీధిలో నివసించే మనమే.